రిజిస్టర్లో ఆ నాలుగు గళ్ళు

పోయిన నెల ఒక ఆన్‌లైన్ క్లాసు విన్నాను. క్లినిక్కులు నడిపేవాళ్ళ కోసం పెట్టింది. మాట్లాడినాయన తెర మీద ఒక డాక్టరు రోజును గళ్ళుగా గీసి చూపించాడు. పేషెంటు ఉన్న గడి ఆకుపచ్చ, లేని గడి ఎరుపు. ఎర్రవి ఆరో ఏడో ఉన్నాయి. వాటి మీద బాణం గుర్తు ఆడిస్తూ "ఇదంతా పారబోసుకుంటున్న డబ్బు" అన్నాడు. ఆ తర్వాత గంటసేపూ వాటిని ఎలా నింపాలో చెప్పాడు. రిమైండర్ మెసేజీలు, వెయిటింగ్ లిస్టు, ఒకే గడిలో ఇద్దర్ని వేయడం, మధ్యలో వీడియో కన్సల్టేషన్లు దూర్చడం. విడివిడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. నేను మాత్రం ఆ ఎర్ర గళ్ళనే చూస్తూ కూర్చున్నాను. మా రిజిస్టర్లో రోజుకు నాలుగు గళ్ళు నేనే పనిగట్టుకుని ఖాళీగా పెడతాను మరి. పొద్దున రెండు, సాయంత్రం రెండు. ఒకప్పుడు పెన్సిల్‌తో అడ్డగీత గీసేవాణ్ణి, ఇప్పుడు కంప్యూటర్లో బూడిదరంగు వేస్తాను. కంప్యూటర్ వచ్చి చాలాకాలమైనా మేమింకా దాన్ని రిజిస్టరనే అంటాం.

మా అక్క ఫిజీషియన్. నేను డాక్టర్ని కాను, లెక్కల మనిషిని. పద్నాలుగేళ్ళ కిందట తన క్లినిక్కు లెక్కలు చూడ్డానికని వచ్చి, మెల్లగా అపాయింట్‌మెంట్లు, జీతాలు, ఇన్సూరెన్స్ క్లెయిములు, మొరాయించే ప్రింటరు, అన్నీ నెత్తికెత్తుకున్నాను. ఇన్నేళ్ళకి నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. గళ్ళన్నీ ముందే నిండిపోయిన క్లినిక్కు చూడ్డానికి కళకళలాడుతుంది గానీ, అది అంచు మీద నడుస్తున్నట్టు లెక్క. ఒక్క కేసు తేడా వస్తే ఆ రోజంతా కూలిపోతుంది. లెక్కల మనిషి నోట ఈ మాట రావడం నాకే వింత. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నింపింది నేనే

వచ్చిన కొత్తలో నేను చేసిన మొదటి ఘనకార్యం ఖాళీలు పూడ్చడం. అక్క ఓపీ చూసే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒకరికి ఐదు నిమిషాలు, ఇంకొకరికి అరగంట. కాసేపు ఎవరూ ఉండరు, తర్వాత ఒకేసారి ఆరుగురు. గడియారం పెట్టుకుని ఒక వారం లెక్క రాశాను. సగటున పది నిమిషాలు తేలింది. ఇంకేముంది, పది నిమిషాలకొక గడి. పొద్దున 24, సాయంత్రం 12, మొత్తం 36. మూడు నెలల్లో అన్నీ నిండిపోయాయి. నెలాఖరు లెక్క అక్క ముందు పెట్టి "చూశావా" అన్నాను. లెక్క నిజంగానే బావుంది.

సగటు అనేది ఎంత మాయలాడో అప్పటికి నాకు తెలీదు. పది నిమిషాల సగటంటే నాలుగు నిమిషాలవాళ్ళూ, పాతిక నిమిషాలవాళ్ళూ కలిసి చేసిన పది. సరిగ్గా పది నిమిషాలు పట్టే మనిషి రోజంతా చూసినా కనిపించడు.

ఒకరోజు 10.20 గడిలో ఒక పెద్దావిడ వచ్చింది. బీపీ మాత్రల చీటీ తిరగరాయించుకోవాలి, అంతే. అలాంటివి నాలుగు నిమిషాల పని అని, ఆవిడ వెనకే కాస్త ఎక్కువసేపు పట్టే కేసును వేసి పెట్టాను. బీపీ చూడ్డం, చీటీ రాయడం అయిపోయాయి. ఏదో సంతకం కోసం అప్పుడే నేను లోపలికి వెళ్ళాను. ఆవిడ లేచింది. సంచీ భుజానికి తగిలించుకుంది. తలుపు పిడి మీద చెయ్యి వేసి, వెనక్కి తిరక్కుండానే, "నిన్న సాయంత్రం కాసేపు ఈ చెయ్యి నా మాట వినలేదమ్మా. తాళంచెవి పట్టుకుంటే జారిపోయింది. మళ్ళీ మామూలైపోయిందిలే" అంది.

అక్క పెన్ను కింద పెట్టేసింది. "మీరు కూర్చోండి" అంది. నేను గోడ గడియారం వంక చూశాను. నేను చూడటం అక్క చూసింది.

చెయ్యి కాసేపు పట్టు తప్పి మళ్ళీ మామూలవడం పక్షవాతానికి ముందొచ్చే హెచ్చరిక కావచ్చు. ఒకటి రెండు రోజులు కూడా ఆగకూడని వ్యవహారం. అన్నీ అడిగి, చూసి, కొడుక్కి ఫోన్ చేయించి, ఆస్పత్రికి చీటీ రాసి పంపేసరికి నలభై నిమిషాలు పట్టింది. బయట 11 గంటలవాళ్ళు 12 దాటినా బెంచీ మీదే ఉన్నారు. ఒకాయన రిసెప్షన్‌లో అమ్మాయి మీద గట్టిగా అరిచాడు. ఇద్దరు విసుగెత్తి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫైళ్ళ గదిలోకి వెళ్ళి ఏడ్చింది. రాత్రి తాళాలు వేస్తుంటే అక్క అంది: "ఆవిడ ఆ ముక్క అనకుండా తలుపు తీసుకుని వెళ్ళిపోయుంటే మన రోజు ఎంత చక్కగా నడిచేదిరా."

అది మెచ్చుకోలు కాదని అర్థమవడానికి నాకు కాస్త సమయం పట్టింది.

మా క్లినిక్కులో వాటిని 'గుమ్మం మాటలు' అంటాం. అసలు వచ్చిన పని లోపలికి రాగానే చెప్పేవాళ్ళు తక్కువ. సిగ్గో, భయమో, డాక్టరమ్మకి తీరిక లేదేమోనన్న మొహమాటమో, చివరిదాకా దాచి గుమ్మం దగ్గర అంటారు. ఈ విషయం మీద అమెరికాలో ఒక పాత అధ్యయనం ఉంది, 1984 నాటిది. 74 విజిట్లను రికార్డు చేసి వింటే, పేషెంటు నోరు తెరిచిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నాడని తేలింది. తన గోడు పూర్తిగా చెప్పుకోగలిగింది నాలుగింట ఒకవంతు మంది కూడా కాదు. మరి అడ్డుపడకుండా వదిలేస్తే జనం గంటలు గంటలు మాట్లాడతారా అంటే, అదీ లేదు. స్విట్జర్లాండులో 2002లో వచ్చిన ఇంకో అధ్యయనంలో 335 మందిని వాళ్ళంతట వాళ్ళు ఆపేదాకా మాట్లాడనిచ్చారు. సగటున 92 సెకన్లు పట్టింది. నూటికి 78 మంది రెండు నిమిషాల్లోపే ముగించారు.

ఒకటిన్నర నిమిషం. దాన్ని కూడా ఇవ్వలేకపోవడానికి డాక్టరు చెడ్డవాడు కానక్కర్లేదు. బయట బెంచీ నిండి ఉందని తెలిస్తే చాలు. అక్క సంగతే చెప్తాను. ఆ మూడు నెలల్లో తను పేషెంటు మాట్లాడుతుండగానే చీటీ రాయడం మొదలుపెట్టేసింది. రిజిస్టరు నింపిన నాకు ఆ అలవాటులో వాటా లేదని ఎలా అంటాను?

బెంచీ మీద లెక్క

నాలాంటివాణ్ణి నీతి కథలు మార్చవు. నన్ను మార్చింది లెక్కే. జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, ఒక్కొక్కరికి పట్టే సమయం బాగా అటూఇటూ అవుతుంటే, క్యూ ఎంత పెరుగుతుందో చెప్పే సూత్రం ఒకటుంది. డాక్టరు సమయంలో నూటికి 80 పాళ్ళు పనితో నిండి ఉండి, ఒక్కో పేషెంటుకు సగటున 10 నిమిషాలు పడితే, బెంచీ మీద సగటున 40 నిమిషాలు కూర్చోవాలి. 90 పాళ్ళు నిండితే 90 నిమిషాలు. 95 పాళ్ళకు 190 నిమిషాలు. చివర్లో మనం ఎగబడి నింపిన ఆ ఐదు పాళ్ళకు జనం చెల్లించేది అదనంగా వంద నిమిషాలన్నమాట.

అయితే ఇది పుస్తకం లెక్క. క్లినిక్కులో అపాయింట్‌మెంట్లు ఉంటాయి, రాత్రికి తలుపులు మూస్తాం, కాబట్టి క్యూ అంత దూరం పోదు. కానీ గ్రాఫు గీస్తే ఆ గీత వంపు మాత్రం అదే. 80 దాకా నేల మీద పాకుతూ వస్తుంది, 90 దాటాక నిట్టనిలువుగా లేస్తుంది. నేను 100 పాళ్ళు నింపి జబ్బలు చరుచుకున్నాను.

ఇందులో కొత్తేమీ లేదు. 1952లోనే నార్మన్ బెయిలీ అనే గణాంక శాస్త్రవేత్త ఆస్పత్రుల ఓపీ క్యూల మీద పెద్ద పరిశోధన పత్రం రాశాడు. డాక్టరు ఒక్క నిమిషం కూడా ఊరికే కూర్చోకూడదన్న భయంతో అందరూ పేషెంట్లను గంటల తరబడి కూర్చోబెడుతున్నారన్నది ఆయన గమనించిన సంగతి. ఆయన చెప్పిన మందు చాలా సాదా. పొద్దున్నే ఇద్దర్ని రమ్మను, ఆ తర్వాత సగటు సమయానికి ఒకరి చొప్పున పిలువు. ఇప్పటికీ మా పొద్దుటి గళ్ళు అలాగే మొదలవుతాయి. డెబ్బై ఏళ్ళ కిందటి సలహా, పైసా ఖర్చు లేదు, మా క్లినిక్కుకు అమ్మజూపిన ఏ సాఫ్ట్‌వేరు కన్నా ఎక్కువ మేలు చేసింది.

కొన్ని గళ్ళు కావాలనే ఖాళీగా ఉంచకూడదా అని క్లాసు చెప్పినాయన్ని చివర్లో అడిగాను. ఆయన జవాబు బాగుంది, దాటేయలేను. "పదిమందిలో ఒకరు ఎలాగూ రారు కదండీ. ఆ ఖాళీ మీకు ఉచితంగానే దొరుకుతోంది. మళ్ళీ వేరే ఖాళీ ఎందుకు?" అన్నాడు. నిజమే, రానివాళ్ళ గళ్ళు మాకూ ఉంటాయి. కానీ రాకపోవడానికి వేళాపాళా ఉండదు. సోమవారం పొద్దున అందరూ వస్తారు, గురువారం సాయంత్రం ముగ్గురు ఎగ్గొడతారు. కావలసినప్పుడు లేని ఖాళీ, అక్కర్లేనప్పుడు వచ్చి ఏం లాభం? ఇద్దర్ని ఒకే గడిలో వేస్తే మరీ తమాషా. ఇద్దరూ వచ్చిన రోజున ఆ శిక్ష ఏ తప్పూ చేయని మూడోవాడికి పడుతుంది.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మా నాలుగు గళ్ళూ సాయంత్రానికి ఖాళీగా మిగలవు. మూడైనా నిండిపోతాయి. కాబట్టి ఖాళీ అనడం కన్నా 'ముందే మాటివ్వని గడి' అనడం సరైనది. ఈ పద్ధతికి పెద్ద సాక్ష్యం ఉత్తర కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే అనే పెద్ద వైద్య సంస్థలో మార్క్ మరే, కేథరిన్ టాంటౌ చేసిన పని. నిన్నటి పేషెంట్లతో ఇవాళ్టి రోజును నింపడం మానేసి, రోజులో సగానికి పైగా గళ్ళు ఆ రోజు ఫోన్ చేసేవాళ్ళకే వదిలేశారు. అపాయింట్‌మెంటు కోసం 55 రోజులు ఆగాల్సిన చోట ఏడాది తిరక్కుండా అది ఒక్క రోజుకు వచ్చింది. నాకు అంత ధైర్యం లేదు. నాలుగు గళ్ళ దగ్గరే ఆగాను.

డబ్బు సంగతి

ఇక్కడిదాకా చదివి మీలో క్లినిక్కు నడిపేవాళ్ళు ఎవరైనా ఉంటే, "అద్దె ఎవడు కడతాడు నాయనా" అనే ఉంటారు. న్యాయమైన మాటే. చూసిన ప్రతి పేషెంటుకూ ఇంత అని వచ్చే చోట, ఖాళీ గడి అంటే అచ్చంగా పోయిన ఫీజు. దాన్ని నేను దాచను. నా లెక్కల్లో ఆ గళ్ళకు వేరే పద్దు ఉంది, అద్దె, కరెంటు పక్కనే. ఖర్చు అని ఒప్పుకుని రాస్తే ఎంతో తెలుస్తుంది, తెలిస్తే భరించవచ్చో లేదో చూసుకోవచ్చు. ఆదాయం తగ్గిందని ఏడవడం వేరు, ఫలానా దానికి ఖర్చు పెడుతున్నామని తెలిసి పెట్టడం వేరు.

డబ్బు వచ్చే దారి మారితే అదే గడి అర్థం కూడా మారిపోతుంది. పేషెంటు ఎన్నిసార్లు వచ్చినా మనిషికి ఏడాదికి ఇంత అని ఇచ్చే పద్ధతి ఉందనుకోండి, అక్కడ ఖాళీ గడి నష్టం కానే కాదు. జబ్బు ముదరకముందే చూసి పంపడానికి అదే పెట్టుబడి. కానీ ఆ పద్ధతిలో అసలు పేషెంటును రానివ్వకుండా ఉంచాలన్న దుర్బుద్ధి పుట్టవచ్చు. నెలజీతం మీద పనిచేసే డాక్టరుకు ఖాళీ గడి విశ్రాంతి, పై అధికారికేమో సోమరితనం. చాలా చోట్ల ఇప్పుడు ఈ మూడూ కలగాపులగంగా నడుస్తున్నాయి. ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న ముగ్గురికి మూడు రకాల లెక్కలు. ఎవరి డబ్బు ఎటునుంచి వస్తోందో అక్కకు తెలియనివ్వకపోవడమే నా ఉద్యోగంలో సగం అనిపిస్తుంది. క్లెయిము తిరిగొచ్చిందని ఒక్కసారి తన చెవిన పడితే, తర్వాత ఆ పేషెంటు వచ్చినప్పుడు తన మొహంలో తేడా నాకు కనిపిస్తుంది. తనకు కనిపించదు.

వైద్యరంగం మారిపోతోంది, మారిపోతోంది అంటుంటారు. మా కుర్చీల్లోంచి చూస్తే ఆ మార్పులన్నీ చివరికి ఒకే చోటికి వస్తాయి, డాక్టరు నిమిషాల మీదికి. ఇన్సూరెన్స్‌వాళ్ళు కొత్త ఫారం పెడితే రెండు నిమిషాలు పోతాయి. ఫోన్లో ఫోటో పంపి "మేడం, ఒక్కసారి చూడండి" అనేవాళ్ళు ఒక్కొక్కరు మూడు నిమిషాలు. 2020 తర్వాత వీడియో కన్సల్టేషన్లు మామూలైపోయాయి. వాటిలో మొదటి రెండు నిమిషాలు "వినబడుతోందా" తోనే సరి. ఇవేవీ గళ్ళలో కనిపించవు. నిండిన గళ్ళ పైన ఇంకో కనపడని వరస ఉంటుంది, దాన్ని డాక్టరు రాత్రిపూట ఇంటిదగ్గర పూర్తిచేస్తాడు. అమెరికాలో క్రిస్టీన్ సిన్‌స్కీ బృందం 2016లో 57 మంది డాక్టర్ల పక్కన మనుషుల్ని పెట్టి కొలిపించింది. పేషెంటు ఎదురుగా గడిపిన ఒక్కో గంటకు కంప్యూటరు ముందూ కాగితాల ముందూ దాదాపు రెండు గంటలు గడుస్తున్నాయి.

మేం కంప్యూటర్‌కి మారినప్పుడు బల్లని గోడవైపు పెట్టించాను, వైర్లు కనపడకుండా ఉంటాయని. నెల తర్వాత ఒక పాత పేషెంటు బిల్లు కడుతూ "మేడం వీపు బానే ఉందండీ, మొహమే చూసి చాలా రోజులైంది" అన్నాడు. ఆ సాయంత్రమే బల్ల తిప్పించాం. వైర్లు ఇప్పుడు కాళ్ళకు తగులుతుంటాయి.

ఈ కనపడని వరస బరువు మోయలేకే చాలామంది సొంత క్లినిక్కు వదిలేస్తున్నారని నా నమ్మకం. అమెరికా వైద్య సంఘం లెక్కల ప్రకారం అక్కడ ప్రైవేటు ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లు 2012లో నూటికి 60 మంది, 2022కి 47కు దిగారు. సొంత క్లినిక్కువాళ్ళ కన్నా ఉద్యోగం చేసే డాక్టర్ల సంఖ్య ఎక్కువైంది మొదటిసారిగా 2018లో. అక్క స్నేహితురాలొకామె అలాగే తన క్లినిక్కును ఒక పెద్ద సంస్థకు అమ్మేసి అక్కడే జీతానికి చేరింది. నేను జాలిపడబోతే నవ్వింది. "ఆరింటికల్లా ఇంట్లో ఉంటున్నాను. మీ అక్క ఎన్నింటికి వస్తోంది?" అంది. జవాబు చెప్పలేదు. తనకేమో రోజుకు ఎంతమందిని చూడాలో వేరేవాళ్ళు చెప్తారు, అక్కకు నేను చెప్తాను. తేడా మరీ పెద్దదేం కాదేమో అని ఒక్కోసారి అనుమానం.

ఆ గడి ఎవరికి?

ఖాళీ పెట్టడం తేలిక. ఎవరికివ్వాలో తేల్చడమే కష్టం. ఆ పని చేసేది డాక్టరూ కాదు, నేనూ కాదు, ఫోనెత్తే అమ్మాయి. క్లినిక్కులో వైద్యపరమైన మొదటి నిర్ణయం ఆమెది. మన దగ్గర అన్నిటికన్నా తక్కువ జీతం కూడా ఆమెదే. ఆ రోజు ఏడ్చిన అమ్మాయి రెండు నెలలకు మానేసింది. తర్వాత వచ్చినమ్మాయి ఆరు నెలలకు. మూడో అమ్మాయికి జీతం పెంచాకనే నిలిచింది. దీన్ని తెలివైన నిర్ణయంగా చెప్పుకోలేను, రెండుసార్లు చెయ్యి కాలాక చేసింది.

ఫోను పక్కన అక్క రాసిచ్చిన కాగితం ఒకటి అతికించి ఉంటుంది. ఛాతీలో బరువు, మాట తడబాటు, ఒంటివైపు బలం తగ్గడం, ఊపిరాడకపోవడం. ఈ మాటలు వినబడితే గడి సంగతి మర్చిపోయి నేరుగా ఆస్పత్రికి పొమ్మనాలి. కాగితంలో లేనివాటికే తెలివి కావాలి. ఒకసారి ఒకాయన ఫోన్లో అరిచాడని, అరుపు ఆపడానికి సాయంత్రం చివరి ఖాళీ గడి ఆయనకిచ్చేసింది. ఆయనకు ఎవరో అడిగిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలట. పావుగంట తర్వాత ఇంకో ఫోను. ఒక నడివయసు మనిషి, చాలా మెత్తగా, "తొందరేం లేదండీ, రేపైనా పర్లేదు, నాలుగు రోజులుగా నిద్ర పట్టట్లేదంతే" అన్నాడట. రేపటికి రాసింది. రాసి పెట్టేశాక ఎందుకో మనసొప్పక నాకొచ్చి చెప్పింది: "సార్, ఆయన గొంతు బాలేదు." మళ్ళీ ఫోన్ చేసి అప్పుడే రమ్మన్నాం. ఓపీ అంతా అయ్యాక అక్క ఆయనతో గంట కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, తెలియకూడదు కూడా. పోయేటప్పుడు రిసెప్షన్ దగ్గర ఆగి ఆ అమ్మాయికి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

అరిచేవాడికి గడి దొరుకుతుంది, మెత్తనివాడికి దొరకదు. ఇది మా క్లినిక్కు ఒక్కదాని రోగం కాదు. ఆ సంగతి మీద ఇప్పుడు నెలకోసారి అందరం కూర్చుని, ఖాళీ గళ్ళు ఎవరెవరికి పోయాయో వరసగా చదువుతాం. ఎవర్నీ తిట్టం. చదవడమే.

మూసిన తలుపు

నా వాదంలో నన్ను నిద్రపోనివ్వని చిక్కు ఒకటుంది. మా దగ్గర ఫైలు ఉన్నవాళ్ళు 3000 మంది దాటారు. మనిషి సగటున ఏడాదికి మూడుసార్లు వస్తాడనుకుంటే 9000 విజిట్లు. నాలుగు గళ్ళు తీసేస్తే ముందే మాటివ్వగలిగేవి రోజుకు 32, ఏడాదికి 250 రోజులు, మొత్తం 8000. వెయ్యి తక్కువ. అంటే ప్రతి ఏడూ ఓ నెల రోజుల పనికి ముందే మాటివ్వలేకపోతున్నాం. ఆ నాలుగూ ముందే నింపేస్తే సరిగ్గా 9000. లెక్క కుదిరిపోతుంది, కానీ 100 పాళ్ళకు చేరి ఆ నిట్టనిలువు గీత మీదికి మళ్ళీ ఎక్కుతాం. కాబట్టి రెండేళ్ళ కిందట కొత్త పేషెంట్లను తీసుకోవడం ఆపేశాం.

ఆపడానికి నా దగ్గర మంచి కారణాలున్నాయి. ఒకే డాక్టరు దగ్గరికి ఏళ్ళ తరబడి వెళ్ళేవాళ్ళ మీద జరిగిన 22 అధ్యయనాలను 2018లో ఒకచోట చేర్చి చూశారు. వాటిలో 18, అలాంటివాళ్ళలో మరణాలు తక్కువని తేల్చాయి. పాతవాళ్ళకు సమయం మిగల్చడం ఊరికే సౌకర్యం కోసం కాదు. వెండీ లెవిన్‌సన్ 1997లో చేసిన అధ్యయనం కూడా గుర్తొస్తుంది. వైద్యంలో తప్పు చేశారని ఎప్పుడూ కోర్టు కేసులు పడని కుటుంబ వైద్యులు ఒక్కో విజిట్‌కు సగటున 18 నిమిషాలు ఇచ్చారు, కేసులు పడ్డవాళ్ళు 15. మూడు నిమిషాలే తేడా. మాకు ఆ మూడు నిమిషాలు ఎక్కడినుంచి రావాలి?

కానీ తలుపు మూస్తే అవతల మిగిలేదెవరు? కొత్తగా వచ్చినవాళ్ళు, ఉద్యోగాలు మారుతూ తిరిగేవాళ్ళు, ఎవరి దగ్గరా ఫైలు లేనివాళ్ళు. అసలు అవసరం ఎక్కువున్నవాళ్ళు వాళ్ళే. మంచి వైద్యం అవసరం ఎక్కువున్న చోటికే తక్కువ చేరుతుందని జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే బ్రిటిష్ డాక్టరు 1971లో రాసి, దానికి 'విలోమ వైద్య నియమం' లాంటి పేరు పెట్టాడు. అది డబ్బు గురించేననుకుని, చదివినప్పుడు తల ఊపాను. ఇప్పుడు చూస్తే నా బూడిదరంగు గళ్ళు కూడా ఆ నియమం కిందికే వస్తాయేమో. లోపలున్న 3000 మందికి నేను పెట్టిన తీరిక, బయటున్నవాళ్ళ దగ్గర లాక్కున్నదే కదా. అక్కతో అంటే, "అందరినీ సగం సగం చూడమంటావా?" అంది. సగమైనా చూస్తే నయం కాదా అని నోటిదాకా వచ్చింది. ఆ పెద్దావిడ తాళంచెవి గుర్తొచ్చి ఆగిపోయాను. ఈ చిక్కు నాకు ఇంకా విడలేదు.

దానికి మాకు దొరికిన దారి ఇంకో డాక్టర్ని తీసుకోవడం. వచ్చే నెల చేరుతోంది. చదువు అప్పు ఇంకా తీరలేదు. చూసిన పేషెంటుకింత అని అడిగింది, ఒప్పుకున్నాం. మొన్న గళ్ళు గీయడానికి కూర్చున్నప్పుడు తన వరసలో నాలుగు బూడిదరంగు గళ్ళు చూసి, "ఇవేంటి సార్, ఎవరూ లేరేంటి?" అంది. అక్క పక్కనే ఉండి కూడా ఏం మాట్లాడలేదు, నన్ను చెప్పుకోమన్నట్టు చూసింది. అరగంట చెప్పాను. క్యూ సూత్రం, బెయిలీ, గుమ్మం మాటలు, అన్నీ. ఓపిగ్గా విని, ఫోన్లో కాలిక్యులేటర్ తీసి, నాలుగు గళ్ళు ఇంటూ 250 రోజులు ఇంటూ తన వాటా ఫీజు కొట్టి నాకు చూపించింది. నేనూ ఒకప్పుడు అక్కకు అచ్చం అలాగే చూపించాను.

నాలుగు అడిగాను, రెండుకు ఒప్పుకుంది. ఆర్నెల్ల తర్వాత రిజిస్టరు ముందు పెట్టుకుని మళ్ళీ మాట్లాడదామనుకున్నాం.